లైన్‌లో ఉండండి

హొసూరు మూకండపల్లిలోని సిప్కాట్ పారిశ్రామికవాడ రోడ్లలో ఏ కంపెనీ గేటు దగ్గర ఆగినా సెక్యూరిటీ గది దాదాపు ఒకేలా ఉంటుంది. విజిటర్ల రిజిస్టరు, దానికి దారంతో కట్టేసిన పెన్ను, పక్కన ఒక బల్ల ఫోను. వచ్చిన మనిషి జేబులో ఎంత ఖరీదైన సెల్లున్నా గేటాయన దాన్ని లెక్కచెయ్యడు. రిసీవరెత్తి, మూడంకెలు నొక్కి, "సార్, మీ కోసం ఎవురో వచ్చినారు" అంటాడు. లోపలివాళ్లు "పంపించు" అంటేనే గేటు కదులుతుంది.

డిప్లొమా ముగించి అప్రెంటిస్‌గా చేరిన పిల్లలకి ఈ ఫోను కొత్త వస్తువు. వాళ్లు మిషన్లకు బెదరరు. కంప్యూటరు ముందు కూర్చోబెడితే మనకే నాలుగు విషయాలు నేర్పుతారు. బల్ల మీద ఫోను మోగితే మాత్రం చుట్టూ చూస్తారు. చేసిందెవరో పేరు కనబడదు. ఎత్తాక ఏ భాషలో మొదలుపెట్టాలో తెలీదు. ఇక తామే చెయ్యాల్సి వస్తే మరో చిక్కు. "ఎత్తితే ఊరికే కూస్తా ఉండాది సార్, చెడిపోయిందేమో" అన్నాడట ఒక కుర్రాడు. స్టోర్స్‌లో పెద్దాయన నవ్వి, "కూస్తా ఉంటే బాగుండేట్టు నాయినా. కుయ్యకుంటేనే చెడిపోయినట్టు" అన్నాడట.

పిల్లవాణ్ణి అని లాభం లేదు. వాడు పెరిగిన కాలంలో ఫోనంటే ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. నంబరు కొట్టు, పచ్చ గుర్తు నొక్కు, అంతే. ముందుగా చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరైనా ఉన్నారా లేదా అని వినాల్సిన అవసరం వాడికి ఎన్నడూ కలగలేదు.

బల్ల ఫోను తీరు వేరు. రిసీవరు బరువుకి అణిగి ఉన్న మీట, మనం ఎత్తగానే పైకి లేస్తుంది. తీగలో కరెంటు పారడం మొదలవుతుంది. అది మన ఆఫీసు కరెంటు కాదు, టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉన్న 48 వోల్టుల బ్యాటరీలది. తమిళనాడు కరెంటు కోతలతో అల్లాడిన రోజుల్లో లైట్లూ ఫ్యాన్లూ ఆగిపోయి, జనరేటరు అందుకునేలోపు ఆఫీసులో ప్రాణంతో మిగిలేది మేనేజరు బల్ల మీది డైరెక్టు లైనే. కరెంటు పారగానే ఎవరో ఫోనెత్తారని ఎక్స్‌చేంజికి తెలుస్తుంది. "వింటున్నాను, నంబరు చెప్పండి" అనడానికి బదులుగా ఒక కూత పంపిస్తుంది. అదే డయల్ టోన్.

కంపెనీల్లో దీనికి ఇంకో అంచె ఉంటుంది. ఎత్తగానే వినబడేది కంపెనీ సొంత ఎక్స్‌చేంజి కూత. సున్నానో తొమ్మిదో నొక్కితే లోపల చిన్న టక్కుమన్న చప్పుడు, ఆ తర్వాత ఊరి ఎక్స్‌చేంజి కూత. ఒకటి కాస్త గరుకుగా, ఒకటి నున్నగా ఉంటుంది. పాతకాలపు క్లర్కులు ఆ తేడాని బట్టే తాము గేటు లోపల ఉన్నారో బయట పడ్డారో చెప్పేసేవాళ్లు. మోగే తీరులోనూ అంతే. చాలా ఆఫీసుల్లో లోపలి ఫోనుకు ఒక్కో గంట, బయటి ఫోనుకు జంట గంటలు. ఒంటి గంట మోగితే మెల్లగా కదిలినవాళ్లు జంట గంటకు సర్దుకుని కూర్చునేవాళ్లు.

ఈ కూతలన్నీ ఎందుకు పుట్టాయో వెతికితే, ఒక మనిషి కోపం దగ్గర తేలుతుంది. మన దేశంలో 1882లో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో ఎక్స్‌చేంజీలు మొదలైనప్పుడు ఫోనెత్తితే పలికేది మనిషే, ఆపరేటరు. ఎవరు కావాలో మనం చెప్పాలి, వాళ్లు తీగ తీసి కలపాలి. ఆయన మాట్లాడుతున్నారు, కాసేపాగి చెయ్యండని చెప్పేదీ వాళ్లే. అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని అంత్యక్రియల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. తనకు రావాల్సిన ఫోన్లను ఆపరేటరు పోటీ దుకాణానికి కలిపేస్తోందని ఆయన అనుమానపడ్డాడని చెబుతారు. అనుమానం నిజమో కాదో గానీ, నడుమ మనిషి అక్కర్లేకుండా నంబర్లు కలిపే యంత్రానికి ఆయన 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటేడు ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ అనే చిన్న ఊళ్లో ఆ పద్ధతి మీద ఎక్స్‌చేంజి నడిచింది. మన దేశంలో ఆటోమేటిక్ ఎక్స్‌చేంజి మొదట సిమ్లాకి, 1913-14లో వచ్చింది.

నడుమ మనిషి తప్పుకున్నాక చిక్కొచ్చిపడింది. సిద్ధంగా ఉన్నామనీ, అవతల గంట మోగుతోందనీ, వాళ్లు వేరేవాళ్లతో మాట్లాడుతున్నారనీ ఎవరు చెప్పాలి? యంత్రానికి మాటలు రావు. అందుకని దానికి నాలుగైదు కూతలు నేర్పారు. మన దేశంలో వాటన్నిటికీ స్థాయి ఒక్కటే, 400 హెర్ట్జ్. ఎంతసేపు మోగి ఎంతసేపు ఆగుతుందన్నదే అర్థాన్ని మారుస్తుంది. ముప్పాతిక సెకను మోగి, ముప్పాతిక సెకను ఆగితే ఎంగేజ్. అదే పావు సెకను చొప్పున గబగబా కొట్టుకుంటే అవతలి మనిషి తప్పేం లేదు, దారిలోనే లైన్లు కిక్కిరిసిపోయాయని. మూడు సెకన్లకి కాస్త తక్కువగా మోగి, ఇట్టే తెగి, మళ్లీ మోగుతుంటే అసలా నంబరే లేదని. ఇవేవీ బడిలో చెప్పలేదు. ఆఫీసులో ఎవరూ కూర్చోబెట్టి నేర్పనూ లేదు. వినీ వినీ వచ్చేశాయి.

అన్నిటిలోకీ చిత్రమైంది రింగు. ట్రింగ్ ట్రింగ్, రెండు సెకన్ల విరామం, మళ్లీ ట్రింగ్ ట్రింగ్. మన చెవిలో పడేది అవతలి గదిలో మోగుతున్న గంటేనని అందరం అనుకునేవాళ్లం. కాదట. అక్కడి గంటను ఒక కరెంటు మోగిస్తుంది. మనకోసం ఎక్స్‌చేంజి వేరే కూత వినిపిస్తుంది, ఊరికే కంగారుపడకుండా. రెండూ ఒకే క్షణంలో మోగాలన్న నియమం లేదు. అందుకే ఒక్కోసారి మనకి రింగు వినబడకముందే అవతల "హలో" అనేవాళ్లు, మనం ఉలిక్కిపడేవాళ్లం. ఎక్కడో ఓ గదిలో ఓ మనిషి కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి వస్తున్నట్టు ఊహించుకుంటూ మనం లెక్కపెట్టుకున్న రింగులు, నిజానికి మనల్ని కూర్చోబెట్టడానికి ఎక్స్‌చేంజి చేసిన మర్యాద.

ఇక నంబరు తిప్పడం. వేలు పెట్టి తిప్పే చక్రాల ఫోన్లు హొసూరు ఆఫీసుల్లో చాలాకాలం ఉండేవి. చక్రం తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు లైను టకటకా తెగి అతుక్కుంటుంది. ఒకటికి ఒక్కసారి, తొమ్మిదికి తొమ్మిదిసార్లు, సున్నాకి పదిసార్లు. హొసూరు ఎస్టీడీ కోడు 04344. అంటే బయటి ఊరివాళ్లు మన ఊరి పొలిమేరకి రావడానికే 25 టకటకలు దాటాలి. బెంగళూరు 080 అయితే సున్నా, ఎనిమిది, మళ్లీ సున్నా, 28. నలభై కిలోమీటర్ల దూరానికి వేలికి బాగానే పని. ఆఖరి అంకెలో తప్పితే మొదటినుంచీ రావాల్సిందే.

ఈ సంగతి తెలిసినవాళ్లకి ఇంకో విద్య కూడా తెలుసు. ఎస్టీడీ బిల్లు చూసి బెదిరిన యజమానులు చక్రానికి చిన్న తాళం వేసేవాళ్లు. తాళం చక్రానికే కదా, మీటకి కాదు. రిసీవరు పెట్టే మీటను లయ తప్పకుండా కొడితే, ఎక్స్‌చేంజి దాన్ని చక్రం తిప్పినట్టే లెక్కేసుకుంటుంది. ఐదుకు ఐదు దెబ్బలు, సున్నాకు పది. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు వేలితో మృదంగం వాయించినట్టు మీటను వాయించి ఊరికి ఫోను చేసుకున్న మహానుభావులు ప్రతి ఆఫీసుకీ ఒకరిద్దరు ఉండేవాళ్లు. ఇప్పుడు రిటైరై మనవలతో ఉండి ఉంటారు. పేర్లెందుకు లెండి.

తర్వాత బొత్తాల ఫోన్లొచ్చాయి. ఒక్కో బొత్తానికి రెండేసి స్వరాలు కలిపి మోగుతాయి. ఐదు నొక్కితే 770, 1336 హెర్ట్జ్ ఒకేసారి. మన మాటల్లోని ఏ చప్పుడునో విని ఎక్స్‌చేంజి అంకె అనుకోకుండా ఉండాలని అలా జంటగా పెట్టారు. తాళం విద్య దాంతో పోయింది. వేలు మాత్రం సుఖపడింది.

మన ప్రాంతానికీ ఈ ఫోన్లకీ ఇంకో చుట్టరికం ఉంది. ఆఫీసు బల్లల మీద కూర్చున్న ఆ నల్లటి, బరువైన ఫోన్లు ఎన్నో తయారైంది బెంగళూరులో కృష్ణరాజపురం పక్కనున్న ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) ఫ్యాక్టరీలో, అంటే మనకి ఓ బస్సు ప్రయాణమంత దూరంలో. 1948లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ లేచిన కాలనీ పేరే దూరవాణినగర్. కిందపడేస్తే నేల పగిలేదే తప్ప ఆ ఫోను పగిలేది కాదని అప్పటివాళ్లు వేళాకోళమాడేవాళ్లు.

1980ల్లో హొసూరు చుట్టూ పెద్ద ఫ్యాక్టరీలు లేచాయి. అశోక్ లేలాండ్ వచ్చింది, టీవీఎస్ మోపెడ్ వచ్చింది, టైటాన్ గడియారాలొచ్చాయి. వాటికి బోల్టులూ బుష్షులూ చేసిపెట్టే చిన్న షెడ్లు మూకండపల్లి సందుల్లో నిండాయి. షెడ్డు యజమానికి లేతు ఎంత ముఖ్యమో ఫోనూ అంతే. ఆర్డరు దానిమీదే వచ్చేది, చివాట్లూ దానిమీదే వచ్చేవి. లేతులూ ప్రెస్సులూ మోగుతుంటే గంట వినబడదని, ఫోనుకు ఎర్ర బల్బో, పెద్ద హారనో తగిలించుకున్న షెడ్లు కూడా ఉండేవి.

అలాంటి చోట ఫోనెత్తడం ఓ చిన్న సాహసమే. హొసూరులో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ ఒకే టీకొట్టు ముందు వినబడతాయి. ఎదురుగా మనిషుంటే ముఖం చూసి, నిలబడ్డ తీరు చూసి భాష ఎంచుకుంటాం. ఫోనులో ముఖం లేదు. అందుకే ఇక్కడివాళ్ల "హలో" కాస్త పొడుగ్గా ఉంటుంది. ఆ సాగదీతలో అవతలివాళ్ల ఊపిరి విని, "సొల్లుంగ" అనాలా, "హేళి" అనాలా, "చెప్పండి" అనాలా తేల్చుకుంటారు. సగం సంభాషణ తమిళంలో నడిచాక ఇద్దరూ తెలుగువాళ్లేనని బయటపడి నవ్వుకోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఎంగేజ్ కూతకి మాత్రం ఈ బాధ లేదు. అది నాలుగు ఇళ్లల్లోనూ అర్థమయ్యేది.

ఫ్యాక్స్ వచ్చాక ఇంకో మాట పుట్టింది. "సార్, ఫ్యాక్స్ టోన్ ఇస్తారా?" ఒక్కోసారి ఆ మాటా ఉండేది కాదు. మామూలు ఫోనే అనుకుని ఎత్తితే అవతలినుంచి ఆగి ఆగి పిట్ట కూసినట్టు బీప్ బీప్‌మని వినిపించేది. అంటే అవతల మనిషి లేడు, కాగితం ఉంది. ఇవతల స్టార్టు బొత్తాం నొక్కితే కీచుమని అరుపు, రెండు యంత్రాలు తమలో తాము ఏదో గొణుక్కోవడం, ఆపైన మెల్లగా బయటికి జారే నున్నటి కాగితం. దానిమీద పర్చేజ్ ఆర్డరు. టోన్ ఇచ్చి రిసీవరు కింద పెట్టేసే ఆ ఒక్క క్షణంలో కూడా "బాగుండారా సార్" అని పలకరించుకునేవాళ్లు. ఆ పలకరింపుతోనే ఏళ్లపాటు స్నేహాలు నడిచాయి. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పిల్లల పెళ్లి శుభలేఖలు అదే మిషన్ మీద పంపించుకున్నారు.

బల్ల ఫోనులో మనకి నచ్చేది ఇదేనేమో. అది మనిషిది కాదు, కుర్చీది. కుర్చీలో మనిషి లేకపోతే పక్క బల్ల ఆయన ఎత్తేవాడు. "ఆయన సీట్లో లేరండి, షాపు ఫ్లోరుకి పోయినారు, నేనేమన్నా చెప్పాలా?" అనేవాడు. చెప్పాల్సింది పాత డైరీ వెనక రాసి, చించి, ఆయన పేపర్‌వెయిట్ కింద పెట్టేవాడు. మీ అమ్మగారు చేశారు, ఆదివారం రమ్మన్నారు. బ్యాంకువాళ్లు చేశారు, మళ్లీ చేస్తారట. ఇంకో చీటీ మీద వట్టి నంబరే ఉండేది, పేరు చెప్పలేదట. ఆ చీటీ చుట్టూ మధ్యాహ్నమంతా చర్చ నడిచేది.

రహస్యాలుండేవి కావు. ఇంటినుంచి ఫోనొస్తే అందరూ వినాల్సిందే. గొంతు తగ్గించి గోడవైపు తిరిగితే ఇంట్లో ఏదో జరిగిందని అర్థమైపోయేది. ఫోను పెట్టేసి తిరిగేసరికి ఎవరో ఒకరు కాఫీ తెచ్చి పెట్టేవాళ్లు, ఏమైందని అడక్కుండా. ఇదంతా సుఖమని చెప్పలేం. ఒంటరిగా మాట్లాడుకునే వీలు లేక ఎందరు ఎన్ని మాటలు మింగేశారో. ప్రేమించుకున్నవాళ్లయితే రాత్రి పొద్దుపోయాక పావు చార్జీ మొదలయ్యేదాకా ఎస్టీడీ బూత్ బయట దోమల్లో నిలబడి, ఆ తర్వాత గాజు తలుపు వెనక, ఎర్రంకెలు పరుగెత్తే మీటరు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. చేతిలో సొంత ఫోను ఉండటం ఎంత హాయో వాళ్లనడిగితే చెబుతారు.

అయినా ఎంగేజ్ కూత దగ్గర మాత్రం మనసు కాస్త ఆగుతుంది. దాంట్లో ఒక నిర్మొహమాటం ఉండేది. ఆయన మాట్లాడుతున్నారు, అంతే. ఎవరితో అన్నది మనకనవసరం. మనతో ఎందుకు మాట్లాడటం లేదన్న ప్రశ్నే లేదు. పెట్టేసి, పది నిమిషాలాగి మళ్లీ చేసేవాళ్లం. మోగి మోగి ఎత్తకపోతే ఊళ్లో లేరేమో, పెరట్లో ఉన్నారేమో అనుకునేవాళ్లం. ఎత్తనిది ఫోను, మనిషి కాదు.

ఇప్పుడలా కాదు. మన పేరు అవతలి తెర మీద కనబడుతుందని మనకు తెలుసు. ఫోను ఆయన జేబులోనే ఉంటుందనీ తెలుసు. రెండోసారీ ఎత్తకపోతే కారణాలు వెతకడం మొదలవుతుంది. మొన్న మనం అన్న మాటకా? పెళ్లికి పోలేదనా? మెసేజి పక్కన టిక్కులు నీలం రంగుకి తిరిగి గంటయినా జవాబు రాకపోతే, ఆ గంటలో మనం అల్లుకునే కథలకి అంతుండదు. అవతలాయన పాపం దంతాల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుని ఉంటాడు. అప్పట్లో మన ఊహకి గుప్పెడు కూతలే దొరికేవి. ఇప్పుడు ఎంతో తెలుస్తోంది, ఎందుకు ఎత్తలేదన్న ఆ ఒక్కటే తెలియడం లేదు.

రింగు కూడా అక్కడక్కడా రూపం మార్చుకుంది. దాని చోట సినిమా పాటలొచ్చాయి. 2020 మార్చిలో ఎవరికి చేసినా ముందు దగ్గు వినబడి, తర్వాత కరోనా జాగ్రత్తలు వినబడ్డాయి. బల్ల ఫోనుకీ కాలం చిన్న మార్పు తెచ్చింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైనులోంచి సెల్లుకి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలి. కంపెనీ ఫోనులోంచయితే బయటి లైనుకో సున్నా, సెల్లుకో సున్నా. పెద్దవాళ్లకి ఇదేం బరువు కాలేదు, సున్నాకి పది టకటకలు తిప్పిన వేళ్లవి. తికమకపడింది కుర్రాళ్లే.

కుర్చీ ఫోనుకి ఇంకో గుణం ఉంది. మనిషి రిటైరైపోయినా ఎక్స్‌టెన్షన్ నంబరు అక్కడే ఉంటుంది. దండలూ శాలువాలూ అయిపోయి, కొత్త మనిషి వచ్చి కూర్చున్నాక కూడా కొన్నాళ్లు పాతాయనకే ఫోన్లు వస్తాయి. సేలం నుంచో, కోయంబత్తూరు నుంచో, ఇరవయ్యేళ్లుగా గొంతు తప్ప ముఖం ఎరగని సప్లయరు ఒకాయన మామూలుగా మొదలుపెడతాడు. "సార్, బాగుండారా? కాలు నొప్పి తగ్గిందా?"

కొత్తగా చేరిన కుర్రాడు ఒక్క క్షణం తడబడతాడు. ఆయన పోయిన నెల రిటైరైనారండీ అంటాడు. అవతల "అట్లనా" అని కాసేపు మాట ఉండదు. లైను తెగిందేమోనని కుర్రాడు "హలో, హలో" అంటాడు.

"ఉండాను, ఉండాను. ఆయన ఇంటి నంబరు ఏమైనా ఉండాదా నాయినా? కాలు సంగతి ఆయన్నే అడుక్కుంటాను."

"లైన్‌లో ఉండండి సార్," అంటాడు కుర్రాడు, సొరుగులో పాత డైరీ కోసం వెతుకుతూ.